యంత్రశాలలో యువతరం

పాఠ్యభాగ ఉద్దేశం: దేశ ప్రగతికి వస్తూత్పత్తి పరిశ్రమలు ఆధారం. ఆ పరిశ్రమలకు నిపుణులైన యువకార్మికులు ప్రాణం. అయినా చదువుకున్న యువతీయువకులు యంత్రశాల వైపు వెళ్లడానికి సంకోచిస్తున్నారు. వెళ్లినవారిలోనూ అనేకులు ఎక్కువకాలం నిలవడం లేదు. ఇందుకు గల కారణాలను పరిశీలించి, యువతను ఆకర్షించి నిలుపుకొనే మార్గాలను వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

ఆరిపోయిన కొలిమి

నిజామాబాదు జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. ఒకప్పుడు ఆ ఊరి పేరు పారశీక దేశపు వర్తకులకు సైతం సుపరిచితం. అక్కడి కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును తగిన ద్రవ్యాలతో చేర్చి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాచి, ఆపై నెమ్మదిగా చల్లార్చి మేలైన ఉక్కును తీసేవారు. ఖడ్గ నిర్మాణానికి ఆ ఉక్కు పెట్టింది పేరు. 19వ శతాబ్ది తొలి దశాబ్దాలలో హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయ భూశాస్త్రవేత్త ఆ ఊరిని దర్శించి, ఉక్కు తయారయ్యే తీరును శ్రద్ధగా రాసిపెట్టాడు. ఆ వివరణ 1832లో అచ్చయింది. దక్షిణ భారత దేశపు ఉక్కును ఐరోపావారు ‘వూట్జ్’ అని పిలిచారు. ఆ మాట మన ద్రావిడ భాషలలోని ‘ఉక్కు’ నుండి పుట్టినదేనని పలువురు పండితుల అభిప్రాయం.

అంతటి పేరు పొందిన కొలిమి నేడు లేదు. పెద్ద కర్మాగారాలలో తయారైన చవక ఉక్కు ఐరోపా నుండి వచ్చిపడింది. అడవుల మీద ఆంక్షలు పెరిగి బొగ్గు దొరకడం కష్టమైంది. పని గిట్టుబాటు కానప్పుడు ఏ తండ్రీ తన కొడుకును ఆ పనిలోకి పిలవడు. పిలిచినా కొడుకు రాడు. మూసను ఎంతసేపు కాచాలి, మంట ఏ రంగులో ఉన్నప్పుడు ఆపాలి అన్న విద్య గ్రంథాలలో లేదు. అది చేతులలోనూ కళ్లలోనూ ఉన్నది. ఆ చేతులు అలసిపోయిన నాడు అందుకొనే చేతులు లేకపోయాయి. విద్య అక్కడితో ఆగిపోయింది.

ఒక తరం నేర్చిన నేర్పు మరొక తరానికి అందకపోతే ఏమి జరుగుతుందో కోనసముద్రం చెబుతున్నది. నేటి కర్మాగారాల ముందున్న ప్రశ్న కూడా స్వరూపంలో ఇదే.

చేతికి ఉన్న చదువు

ముడిపదార్థం నుండి వాడుకకు పనికివచ్చే వస్తువును తయారుచేయడమే వస్తూత్పత్తి. విద్యార్థి చేతిలోని కలం, అతడు ఎక్కి వచ్చే బస్సు, జ్వరం వచ్చినప్పుడు మింగే మాత్ర – ఇవన్నీ ఏదో ఒక యంత్రశాలలో పుట్టినవే. వాటి వెనుక రెండు రకాల జ్ఞానం ఉన్నది. మొదటిది కాగితం మీద గీయదగినది, లెక్క కట్టదగినది. రెండవది చేసి చేసి మాత్రమే అబ్బేది.

లేతు మిషను మీద ఉక్కు కడ్డీని చెక్కేటప్పుడు మెలికలు తిరుగుతూ తురుము ఊడివస్తుంది. ఆ తురుము నీలిరంగుకు తిరిగితే వేడి ఎంత పుట్టిందో అనుభవజ్ఞుడైన టర్నరు చూపుతోనే గ్రహిస్తాడు. వెల్డింగు నిపుణుడు చిటపటమనే చప్పుడును బట్టి అతుకు సరిగా పడుతున్నదో లేదో పసిగడతాడు. ప్లాస్టిక్ బకెట్టు మొదలు సీసా మూత వరకు అనేక వస్తువులకు అచ్చులు కావాలి. అటువంటి అచ్చును మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా రాకుండా తీర్చవలసిన సందర్భాలు ఉంటాయి. మనిషి తల వెంట్రుక మందం అంతకు అనేక రెట్లు ఎక్కువ. ఈ నేర్పు ఆరు నెలలలో రాదు. దానికి ఏళ్లు కావాలి. పక్కన నిలబడి తప్పు దిద్దే పెద్ద కావాలి.

అందువల్లనే ఒక యువకార్మికుడు పనిలో చేరి ఏడాది తిరగకముందే మానివేస్తే, నష్టం ఒక్క మనిషి లెక్కతో తీరదు. అతనికి నేర్పడానికి వెచ్చించిన కాలం వృథా అవుతుంది. పదవీ విరమణకు దగ్గరపడిన పెద్దవాని విద్యకు వారసుడు లేకుండా పోతాడు. ఆ యువకుడు కూడా ఏ పనిలోనూ నిపుణుడు కాకుండానే వయసు మీద వేసుకుంటాడు.

కట్టివేసిన పని, కోరుకున్న పని

పూర్వకాలంలో ఈ సమస్య ఇంతగా కనిపించలేదు. కమ్మరి కొడుకు కమ్మరి, సాలె కొడుకు సాలె అన్న కట్టుబాటు సమాజాన్ని శాసించింది. ఇల్లే పాఠశాల, తండ్రే గురువు. ఆ ఏర్పాటు వల్ల విద్య తరం నుండి తరానికి నడిచిన మాట నిజమే. కాని బాలునికి ‘నీకు ఏది ఇష్టం?’ అన్న ప్రశ్న ఎదురు కాలేదు. అతడు పనిలో నిలిచాడంటే వదలి వెళ్లే దారి లేక నిలిచాడు. చేతితో పనిచేసేవాని నేర్పును వాడుకొంటూనే అతనిని తక్కువ చూపు చూసిన పాపం కూడా ఆ వ్యవస్థదే.

స్వాతంత్ర్యానంతరం కర్మాగారాలు ఈ కట్టును కొంత సడలించాయి. విశాఖపట్నంలో 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణ కేంద్రం నుండి 1948లో ‘జల ఉష’ అనే నౌక సముద్రంలోకి దిగింది. హైదరాబాదు పరిసరాలలో రామచంద్రాపురం వద్ద భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వెలిసింది. 1967లో ఇ.సి.ఐ.ఎల్., 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగం ఏర్పడ్డాయి. పల్లెల నుండి వచ్చిన యువకులు, ఏ కులంలో పుట్టినవారైనా, ఫిట్టర్లుగా టర్నర్లుగా ఎలక్ట్రీషియన్లుగా ఒకే షాపులో పక్కపక్కన నిలబడ్డారు.

కర్మాగారం కోసం తెలుగువారు ఉద్యమించిన చరిత్ర కూడా ఉన్నది. ‘విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు’ అనే నినాదంతో 1966లో సాగిన ఆందోళనలో విద్యార్థులు పెద్ద సంఖ్యలో పాల్గొన్నారు. కాల్పులలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. 1971లో ఆ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఆనాటి యువత ప్రాణాలకు తెగించి కోరుకున్నది ఒక యంత్రశాలను. ఆ తరువాతి తరాలలో పలువురు అదే యంత్రశాల గేటు వద్దకు వచ్చి వెనుదిరుగుతున్నారు. ఈ మార్పు ఎందుకు వచ్చింది?

యువత ఎందుకు వెనుకాడుతున్నది?

ఈ ప్రశ్నకు ‘నేటి యువతకు ఒళ్లు వంచడం ఇష్టం లేదు’ అని తేలికగా సమాధానం చెప్పేవారు ఉన్నారు. అది తొందరపాటు మాట. రాత్రింబవళ్లు మోటారు సైకిళ్ల మీద ఊరంతా తిరిగి ఇంటింటికీ ఆహారం చేరవేసేది కూడా ఈ యువతే. కనుక శ్రమకు జంకడం ఒక్కటే కారణం కాజాలదు. కారణాలు వేరే ఉన్నాయి.

మొదటిది, సమాజపు చూపు. మార్కులు బాగా వచ్చినవారు ఇంజనీరింగుకు, రానివారు ఐ.టి.ఐ.కి అన్న భావన ఇంటింటా పాతుకుపోయింది. 1990ల నుండి సాఫ్ట్‌వేరు ఉద్యోగం తెలుగునాట గొప్పదనానికి కొలమానమైంది. పెండ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు కంప్యూటరు ముందు కూర్చునే వరునికి ఉన్న విలువ యంత్రం ముందు నిలబడే వరునికి లేదు. నూనె మరకల చొక్కా విద్య లేమికి గుర్తు అన్నట్లు చూసే సమాజంలో ఏ యువకుడు ఆ చొక్కాను ఇష్టంగా తొడుక్కుంటాడు?

రెండవది, భద్రతాలోపం. పూర్వపు ప్రభుత్వరంగ కర్మాగారం స్థిరమైన ఉద్యోగంతోపాటు క్వార్టర్సు, ఆసుపత్రి, పిల్లలకు బడి ఇచ్చింది. నేడు అనేక చోట్ల యువకులను కాంట్రాక్టరు ద్వారా తీసుకుంటున్నారు. ఒకే యంత్రం మీద ఒకే పని చేసే ఇద్దరిలో ఒకడు స్థిర ఉద్యోగి, మరొకడు కాంట్రాక్టు కార్మికుడు. ఇద్దరి వేతనాల మధ్య అంతరం ఎంతో ఉంటుంది. వచ్చే ఏడాది తానుంటాడో లేదో తెలియనివాడు పని మీద మనసు పెట్టలేడు.

మూడవది, పని పరిస్థితులు. వేడి, మోత, గంటల తరబడి నిలబడటం, వారం వారం మారే షిఫ్టులు యువకుని శరీరానికి పరీక్ష పెడతాయి. రక్షణ సాధనాలు లేని చోట ఒక్క ప్రమాదం జరిగితే చాలు, ఆ వార్త పదిమందిని వెనక్కి లాగుతుంది.

నాల్గవది, ఎదుగుదల కనిపించకపోవడం. ఇరవై ఏళ్ల వయసులో చేరినవాడు తన పక్కనే యాభై ఏళ్లవాడు అదే మీట నొక్కుతూ ఉండటం చూస్తాడు. తన భవిష్యత్తు అతనికి ఎదురుగా నిలబడి కనిపిస్తుంది.

ఫోర్డు కర్మాగారం నేర్పిన పాఠం

పనిలో చేరినవారు నిలవకపోవడం కొత్త సమస్య కాదు, మన ఒక్క దేశానిదీ కాదు. నూరేళ్ల క్రితం అమెరికాలో ఇది తీవ్రంగా తలెత్తింది. డెట్రాయిట్ సమీపంలోని హైలాండ్ పార్కులో హెన్రీ ఫోర్డు తన కార్ల కర్మాగారంలో 1913లో కదిలే కూర్పు వరుసను ప్రవేశపెట్టాడు. కారు చట్రం కార్మికుల ముందుకు కదలివస్తుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క భాగం మాత్రమే బిగిస్తారు. పన్నెండున్నర గంటలు పట్టే చట్రపు కూర్పు కొద్ది నెలలలోనే గంటన్నరకు తగ్గింది.

ఉత్పత్తి పెరిగింది, కాని మనుషులు నిలవలేదు. రోజంతా ఒకే మరను బిగించడం వారికి దుర్భరమైంది. సుమారు 14,000 మంది పనిచేసే ఆ కర్మాగారం 1913లో వారి సంఖ్యను తగ్గకుండా ఉంచడానికే దాదాపు 52,000 మందిని చేర్చుకోవలసి వచ్చింది. ఓటి కుండలో నీళ్లు నింపినట్లయింది.

1914 జనవరిలో ఫోర్డు సంస్థ ఒక ప్రకటన చేసింది. రోజుకు తొమ్మిది గంటల పనిని ఎనిమిది గంటలకు తగ్గించి, సుమారు 2 డాలర్ల 34 సెంట్లుగా ఉన్న దినవేతనాన్ని 5 డాలర్లకు పెంచింది. గడ్డకట్టే చలిలో వేలమంది గేటు ముందు గుమిగూడారు. గుంపును అదుపు చేయడానికి వారి మీద నీళ్లు చిమ్మవలసి వచ్చింది. ఆ తరువాత పని మానే వారి సంఖ్య గణనీయంగా తగ్గిపోయింది.

దీని నుండి గ్రహింపవలసినవి రెండు. తగిన వేతనం ఇస్తే మనుషులు వస్తారు, నిలుస్తారు. నిలిచిన కార్మికుని వల్ల సంస్థకు నష్టం కంటే లాభమే ఎక్కువ. ఇది మొదటిది. అయితే ఆ 5 డాలర్లలో దాదాపు సగం లాభాల వాటా పేరుతో షరతుల మీద ఇచ్చినది. కార్మికుడు తాగుతున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉన్నదా అని విచారించడానికి సంస్థ మనుషులు ఇంటికే వచ్చేవారు. మొదట స్త్రీలకు ఆ అవకాశం కల్పించలేదు. విసుగు పుట్టించే పని కూడా మారలేదు. డబ్బు మనిషిని పనిలో ఉంచగలదే కాని పనిని అతనికి ఇష్టమైనదిగా మార్చలేదు. ఇది రెండవది.

జర్మనీ పద్ధతి

పనిని ఇష్టమైనదిగా చేసే దారి జర్మనీలో కొంతవరకు కనిపిస్తుంది. అక్కడి వృత్తివిద్యను ‘ద్వంద్వ పద్ధతి’ అంటారు. బడి చదువు ముగించిన యువతీయువకులు ఒక సంస్థతో ఒప్పందం చేసుకొని శిక్షణలో చేరుతారు. వారంలో మూడు నాలుగు రోజులు సంస్థలో పని నేర్చుకుంటారు, మిగిలిన ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో సిద్ధాంతం చదువుతారు. పలు వృత్తులలో ఈ శిక్షణ మూడు, మూడున్నర సంవత్సరాలు సాగుతుంది. శిక్షణకాలంలో సంస్థ వారికి భృతి చెల్లిస్తుంది. 1969 నాటి వృత్తిశిక్షణ చట్టం ఈ పద్ధతికి దేశవ్యాప్తమైన ఆధారం. ప్రభుత్వ గుర్తింపు గల వృత్తులు అక్కడ మూడు వందలకు పైగా ఉన్నాయి.

శిక్షణ చివర పరీక్షను నిర్వహించేది సంస్థ కాదు. వర్తక, పరిశ్రమల మండళ్లు. కాబట్టి ఆ పత్రానికి దేశమంతటా విలువ ఉంటుంది. దానితో యువకుడు ఒక యజమానికి కట్టుబడి ఉండనవసరం లేదు. అనుభవం గడించిన మీదట ‘మైస్టర్’ పరీక్ష రాసి తానే ఇతరులకు నేర్పే అర్హత సంపాదించవచ్చు. ఆ బిరుదుకు సంఘంలో గౌరవం ఉన్నది.

అయితే అక్కడ సమస్యలు లేవని అనుకోరాదు. జర్మనీలోనూ విశ్వవిద్యాలయాల వైపు మొగ్గే యువత పెరిగింది; శిక్షణ స్థానాలలో కొన్ని ఖాళీగా మిగులుతున్నాయి. ఒక దేశపు పద్ధతిని ఉన్నది ఉన్నట్లు మరొక దేశంలో నాటితే వేరుపట్టదు. కాని నేర్చుకొనేవాడు ఒకేసారి విద్యార్థిగా, పనివాడుగా గుర్తింపు పొందడం అనే సూత్రం ఎక్కడైనా అనుసరింపదగినదే.

మన దేశంలో జరిగిన కృషి

భారత ప్రభుత్వం 1950లోనే వృత్తి నిపుణుల శిక్షణ పథకాన్ని ప్రారంభించింది. పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అంటే ఐ.టి.ఐ.లు ఆ పథకం నుండి వచ్చినవే. 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో నెలకొల్పిన కేంద్రీయ ఉపకరణ రూపకల్పన సంస్థ పనిముట్లు, అచ్చులు తయారుచేసే నిపుణులను దశాబ్దాలుగా దేశానికి అందిస్తున్నది. అప్రెంటిస్‌ల చట్టాన్ని 2014లో సవరించారు. 2016లో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద శిక్షణార్థికి సంస్థ చెల్లించే భృతిలో కొంత భాగాన్ని కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. తెలంగాణలో 65 ఐ.టి.ఐ.లను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని 2024లో మొదలైంది.

లక్ష్యాలు మాత్రం పూర్తిగా నెరవేరలేదు. 2022 నాటికి దేశ ఉత్పత్తిలో వస్తూత్పత్తి రంగం వాటాను 25 శాతానికి పెంచాలని 2011 నాటి జాతీయ విధానం సంకల్పించింది. గడువు ముగిసే నాటికి ఆ వాటా ఐదో వంతుకు కూడా చేరలేదు.

మరోవైపు కొత్త కర్మాగారాలు వస్తూనే ఉన్నాయి. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ సమీపంలోని కియా కర్మాగారం నుండి 2019లో కార్లు వెలువడసాగాయి. కరువుకు పేరుపడిన ప్రాంతంలో కార్లు తయారు కావడం చిన్న మార్పు కాదు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో సెల్‌ఫోన్లు కూర్చే పనిలో యువతులు పెద్ద సంఖ్యలో పాల్గొంటున్నారు. యువతులు యంత్రశాలకు రావాలంటే వేతనంతోపాటు మరికొన్ని కావాలి. సురక్షితమైన వసతిగృహం, ఇంటి ముంగిట దాకా బస్సు, శుభ్రమైన మరుగుదొడ్డి, మర్యాద తప్పని పై అధికారి – వీటిలో ఏది లోపించినా కూతురిని పంపిన తల్లిదండ్రులే వెనక్కి పిలుస్తారు. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కార్మిక స్మృతులు స్త్రీలు తమ సమ్మతితో, తగిన రక్షణ ఏర్పాట్ల నడుమ రాత్రివేళ పనిచేయడానికి వీలు కల్పించాయి. ప్రతి ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలని విధించాయి. చట్టంలోని మాట గేటు లోపలికి ఎంతవరకు చేరుతుందన్న దానిపైనే వాటి ఫలం ఆధారపడి ఉన్నది.

ఇద్దరు శిక్షణార్థులు

యువకుడు పనిలో నిలవడం, నిలవకపోవడం చాలావరకు మొదటి కొద్ది నెలలలోనే తేలిపోతుంది. ఇద్దరు శిక్షణార్థులను ఊహించుకుందాం. ఇద్దరూ ఒకే ఐ.టి.ఐ.లో చదివి, ఒకే రోజున రెండు వేర్వేరు యంత్రశాలలలో చేరారు.

మొదటివానికి చేరిన రోజునే చీపురు చేతికిచ్చారు. మూడు నెలలు గడిచినా అతడు తురుము ఊడుస్తూ, సరుకు మోస్తూ ఉన్నాడు. ఎవరైనా సెలవు పెడితే వారి యంత్రం ముందు నిలబెట్టి ‘ఈ మీట నొక్కుతూ ఉండు’ అంటారు. ఎందుకు నొక్కాలో చెప్పరు. తప్పు జరిగితే పదిమందిలో తిడతారు. రికార్డులో అతడు శిక్షణార్థి. వాస్తవంలో తక్కువ కూలికి దొరికిన మనిషి. ఐదో నెలలో అతడు ఊరికి వెళ్లాడు. తిరిగి రాలేదు.

రెండవవాడు కూడా చీపురు పట్టాడు. కాని సాయంత్రం పని ముగిశాక పెద్ద టర్నరు అతనిని లేతు దగ్గరకు పిలిచాడు.

‘‘ఈ రెండు తురుము ముక్కలు చూడు బాబూ. తేడా ఏమిటి?’’

‘‘ఒకటి తెల్లగా ఉన్నది సార్. రెండోది నీలంగా ఉన్నది.’’

‘‘ఎందుకు?’’

యువకుడు తెలియదన్నట్లు తల అడ్డంగా ఊపాడు.

‘‘రేపు నేను వేగం మారుస్తాను. నువ్వు పక్కన నిలబడి చూడు. ఎల్లుండి నాకు నువ్వే చెప్పాలి.’’

ఎల్లుండి అతడు చెప్పాడు. సగం తప్పు చెప్పాడు, పెద్దాయన దిద్దాడు. ఏడాది తిరిగేసరికి ఆ లేతు అతని చేతికి వచ్చింది. ఇద్దరి భృతిలోనూ తేడా లేదు. ఒకరికి పని తెలియజెప్పారు, మరొకరికి పని అప్పజెప్పారు. ఉన్న తేడా అంతే.

ఇక్కడ నేర్పే పెద్దవారి పాత్ర ముఖ్యమైనది. ‘మేము తిట్లు తిని నేర్చుకున్నాము, వీళ్లూ అలాగే నేర్చుకోవాలి’ అనుకునే పెద్దలు కొందరు ఉంటారు. ఆనాడు వారికి వదలి వెళ్లే దారి లేదు. నేటి యువకునికి ఉన్నది. నేర్పే పనిని కూడా పనిగా గుర్తించి, అందుకు పెద్ద కార్మికునికి సమయాన్ని, గౌరవ భృతిని కేటాయించిన సంస్థలో అతనికీ ఓర్పు వస్తుంది.

మెట్లు కనిపించాలి

ఐ.టి.ఐ.తో చదువు ముగిసిపోతుందన్న అపోహ చాలామందిలో ఉన్నది. అర్హత గల ఐ.టి.ఐ. విద్యార్థి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలో నేరుగా చేరడానికి దారి ఉన్నది. డిప్లొమా ముగించినవారు ఇసెట్ పరీక్ష ద్వారా బి.టెక్. రెండవ సంవత్సరంలో ప్రవేశించవచ్చు. చేతిపని తెలిసి ఆపై సిద్ధాంతం చదివిన ఇంజనీరుకు యంత్రం మనసు తెలుస్తుంది. కర్మాగారం లోపల కూడా ఇటువంటి మెట్లు ఉండాలి. శిక్షణార్థి నిపుణుడై, నిపుణుడు బృంద నాయకుడై, అతడు శిక్షకుడో పర్యవేక్షకుడో కావడానికి ఏమి నేర్వాలో, ఎంత కాలం పడుతుందో, వేతనం ఎంత పెరుగుతుందో చేరిన రోజునే కాగితం మీద చూపాలి. మెట్టు కనిపించినవాడు ఎక్కడానికి ఓపిక పడతాడు.

యంత్రమానవులు రాగా మనుషులతో పని ఏమిటన్న సందేహం కొందరికి కలుగుతుంది. ఒకే చోట ఒకే కదలికగా సాగే కొన్ని పనులను యంత్రాలు తీసుకున్న మాట వాస్తవం. ముందుముందు మరికొన్నింటిని కూడా తీసుకుంటాయి. కంప్యూటరు ఆదేశాలతో నడిచే లేతు మీద మనిషి చేతితో చక్రం తిప్పనవసరం లేదు. కాని ఏ లోహాన్ని ఏ వేగంతో చెక్కాలో ఆదేశం రాసేవాడు, యంత్రం మోత మారినప్పుడు లోపాన్ని పసిగట్టేవాడు మనిషే. పాత నేర్పు తెలిసినవానికి కొత్త విద్య త్వరగా పట్టుబడుతుంది. మీట నొక్కడం మాత్రమే నేర్పి వదిలివేస్తే, ఆ మీటతోపాటు అతని ఉపాధి కూడా పోతుంది. కాబట్టి శిక్షణ చేరిన ఏడాదితో ఆగిపోరాదు, ఉద్యోగకాలమంతా సాగాలి.

ఉపసంహారం

పరిశీలించి చూస్తే యువతను యంత్రశాలలో నిలిపేవి నాలుగు: బ్రతుకుకు చాలే వేతనం, ప్రాణానికి రక్షణ, ఎదగడానికి మెట్లు, నేర్పుకు గౌరవం. మొదటి మూడింటిని సంస్థలూ ప్రభుత్వాలూ కల్పించాలి. నాల్గవది సమాజం చేతిలో ఉన్నది. అంటే ప్రతి ఇంటి చేతిలోనూ ఉన్నది. ఇంటికి వచ్చిన బంధువు ‘‘అబ్బాయి ఏం చేస్తున్నాడు?’’ అని అడిగినప్పుడు ‘‘ఫిట్టరు’’ అని తండ్రి తల ఎత్తుకొని చెప్పగలిగిన నాడు సగం సమస్య తీరినట్లే.

పూర్వం వృత్తి మనిషిని కట్టివేసింది. ఆ కట్టు తెగడం మంచిదే. ఇక మీదట ఏ వృత్తి అయినా మనిషిని తన మంచితనంతోనే నిలుపుకోవాలి. గేటుకు తాళం వేసి, సర్టిఫికెట్లు దాచిపెట్టి, బాండు రాయించి నిలిపిన మనిషి చేతులు మాత్రమే లోపల ఉంటాయి. మనసు బయట ఉంటుంది. మనసు లేని చేతికి విద్య అబ్బదు.

కోనసముద్రంలో నేడు మిగిలినవి ఇనుప చిట్టెం, పగిలిన మూసల ముక్కలు. పురాతత్వ పరిశోధకులు వాటిని ఏరి, పరీక్షించి, ఆ ఉక్కు ఎలా తయారైందో తెలుసుకొనే ప్రయత్నం చేస్తున్నారు. ఆనాడు కొలిమి పక్కన నిలబడిన ఒక కుర్రవానికి తండ్రి చెప్పివుంటే తెలిసే సంగతి అది. నేటి యంత్రశాలలలో చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. వారి పక్కన యువతరం నిలబడటానికి తగిన చోటును సిద్ధం చేయడం మిగిలి ఉన్నది.